పటాలం డాక్టరు

పోయిన నెల మన సాహితీ సాయంకాలంలో ఒక మిత్రులు తాము వ్రాసిన కథ చదివి వినిపించారు. కథ పేరు, కథకుల పేరు ఇక్కడ చెప్పం. ఆ సాయంత్రం ఉన్నవారికి తెలుసు, లేనివారికి అవసరం లేదు. గుంటూరు జిల్లా నుండి వెళ్ళిన ఇరవయ్యారేళ్ళ కుర్రవాడు మిలిటరీ డాక్టరు. మంచు కొండ మీద బంకరు. బయట గుళ్ళు కురుస్తున్నాయి. జవాను కడుపులో తూటా దిగబడింది. కాప్టెన్ డాక్టరు టార్చిలైటు పంటితో పట్టుకొని, ఒక్క కత్తితో, మత్తు మందు లేకుండా ఆ తూటా తీస్తాడు. తెల్లవారుతుంది. జవాను కళ్ళు తెరిచి "అమ్మా" అంటాడు. కథ చదివిన తీరు బాగుంది. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

అభిప్రాయం చెప్పమన్నప్పుడు మేము లేచి, "ఆ కాప్టెన్ ఆ వేళ చేయవలసిన పని అది కాదు. అలా చేస్తే ఆ జవాను బతకడు" అన్నాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్దావిడ, "డాక్టరుగారూ, కథకు కూడా పోస్టుమార్టమేనా?" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. కథకులు మాత్రం నవ్వలేదు. మీ అభ్యంతరమేదో కాగితం మీద పెట్టండి అని సంపాదకులు అన్నారు. అందుకే ఈ నాలుగు పుటలు.

ముందుగా వైద్యం మాట. పటాలానికి అతుక్కొని ఉండే డాక్టరును మన సైన్యంలో రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ అంటారు. ఎం.బి.బి.ఎస్. చదివి చేరిన కుర్రవాడికి కాప్టెన్ హోదా మొదటిరోజే వస్తుంది. పటాలం మొత్తానికి అతనొక్కడే డాక్టరు. కింద కొందరు నర్సింగ్ అసిస్టెంట్లు, స్ట్రెచర్లు మోసేవారు ఉంటారు. ముందు వరుసకు కొంచెం వెనుక అతని ఎయిడ్ పోస్టు. అక్కడ చేసేది ఆపరేషన్ కాదు. నెత్తురు ఆపడం, ఊపిరి దారి తెరవడం, విరిగిన ఎముకకు బద్ద కట్టడం, నొప్పికి మార్ఫియా ఇచ్చి ఎంత ఇచ్చాడో, ఎన్ని గంటలకిచ్చాడో చీటీ మీద వ్రాసి కట్టడం, ఆ తరువాత వెనక్కు పంపడం. వెనక డ్రెస్సింగ్ స్టేషను, ఇంకా వెనక ఫీల్డ్ హాస్పిటల్, సర్జన్, రక్తం సీసాలు. కడుపులో తూటా ఉన్న మనిషిని బంకరులో కోస్తే, తూటా వస్తుందేమో గాని పేగులో చిల్లు అలాగే ఉంటుంది. ఆ రాత్రి డాక్టరు పట్టుకోవలసింది కత్తి కాదు, వైర్‌లెస్ చెవిగొట్టం. "కడుపు గాయం ఒకటి, తొడ గాయాలు రెండు, నలుగురు మోసేవాళ్ళు కావాలి, దారి తెరిచి ఉందా?" అని అడగాలి. అడిగి రాకపోతే మళ్ళీ అడగాలి.

ఇది కథకు పనికొచ్చే పనేనా అని కథకులు తరువాత మమ్మల్ని టీ దగ్గర అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు కోసం చేసిన ప్రయత్నమే.

మేము సమాయిల్‌లో పని చేస్తున్నాం. మీలో చాలామంది నిజ్వా వెళ్ళేటప్పుడు ఆ పేరున్న బోర్డు చూసి ముందుకు పోతారు. కొంచెం ఆగి చూడదగిన ఊరు. తూర్పు హజర్ కొండలను, పడమటి హజర్ కొండలను విడదీసే సందు అది. సముద్రపు ఒడ్డు నుండి లోపలి దేశానికి పోవాలంటే ఆ వాదీ గుండానే దారి. కనుక సమాయిల్ ఎవరి చేతిలో ఉంటే లోపలి ఒమాన్ తాళం వారి చేతిలో ఉన్నట్లు. 1913లో ఇమాం సాలిం బిన్ రాషిద్ అల్ ఖరూసీ పక్షంవారు నిజ్వాతో పాటు సమాయిల్‌ను కూడా తీసుకున్నారు. 1915 జనవరిలో ఆ సైన్యం మస్కట్ దిశగా దిగింది. దాదాపు మూడు వేలమంది అని లెక్క. వారిని రువీలో బైత్ అల్ ఫలజ్ దగ్గర ఎదుర్కొన్నది సుల్తాను తరఫున నిలిచిన ఏడువందలమంది భారతీయ సిపాయిలు. పటాలాలు రెండు: 102వ గ్రెనేడియర్స్, 95వ రస్సెల్స్ ఇన్‌ఫంట్రీ.

ఈ రెండో పేరు మనకు కావలసిన పేరు. రస్సెల్ అంటే హైదరాబాదు రెసిడెంటు హెన్రీ రస్సెల్. 1813 ప్రాంతాన నిజాం ఖర్చుతో అతను లేపిన దళం అది. తరువాత హైదరాబాదు కంటింజెంటులో భాగమై, 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటులో కలిసి, 1945లో కుమావూన్ రెజిమెంటనే పేరు క్రిందికి వెళ్ళింది. పేరు హైదరాబాదుదే గాని అప్పటికి జవాన్లలో ఎక్కువమంది ఉత్తరాదివారు. అందులో తెలుగువాడు ఉన్నాడని మేము గొప్పలు చెప్పబోవడం లేదు. కాని రువీలో మన పిల్లలు సెలవు రోజున చూసే సైనిక మ్యూజియం ఆ బైత్ అల్ ఫలజ్ కోటలోనే ఉంది. మన హైదరాబాదు పేరు బిళ్ళ మీద ధరించిన పటాలం అక్కడ నిలబడి కాల్చింది. ఫిరంగులు, కత్తులు, జెండాలు, పటాలు అద్దాల వెనుక ఉన్నాయి. పిల్లలతో వెళ్ళిన ప్రతిసారీ మా కళ్ళు ఒక్కటే వెతుకుతాయి: ఆ ఏడువందలమంది ఎక్కడి నీళ్ళు తాగారు? గాయపడినవారిని ఎవరు, దేని మీద మోశారు? ఏ యుద్ధ కథనంలోనైనా మేమడిగే ప్రశ్న ఇదే. జవాబు సాధారణంగా ఉండదు.

మన పూర్వులు ఈ ప్రశ్న అడిగారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 34వ అధ్యాయం పేరు యుక్తసేనీయం. దండయాత్రకు పోతున్న రాజు వెంట వైద్యుడు ఎట్లా ఉండాలన్నది విషయం. మెడికల్ కాలేజీలో సుశ్రుతుని పేరు ముక్కు కోత సర్జరీ దగ్గర ఒకసారి విని వదిలేశాం. ఈ అధ్యాయం ఉద్యోగంలో కుదురుకున్నాక చదివాం. చదివి ఆశ్చర్యపోయాం. ఎందుకంటే అధ్యాయం మొదలయ్యేది బాణం పీకడంతో కాదు. శత్రువు దారిని, నీటిని, నీడను, తిండిని, పశువుల మేతను, వంటచెరకును విషంతో పాడుచేస్తాడు, వైద్యుడు ముందుగా వాటిని పరీక్షించి శుద్ధి చేయాలి అని. శుద్ధి చేసే పద్ధతులు కల్పస్థానంలో విడిగా చెప్పాడు. వైద్యుని గుడారం రాజు గుడారం పక్కనే, సకల సామగ్రితో ఉండాలనీ, అది జెండాలాగా దూరానికే తెలియాలనీ, విషం తగిలినవారు, శల్యం దిగినవారు, రోగులు తడుముకోకుండా అక్కడికి రావాలనీ అంటాడు. ఎర్రశిలువ జెండాకు ఎన్నో శతాబ్దాల ముందు మాట ఇది. అదే అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు అని వైద్యుడు, రోగి, మందు, పరిచారకుడు అనే నలుగురినీ కూర్చోబెట్టాడు. పరిచారకుడికి సమాన పీట వేసినందుకు సుశ్రుతునికి మేము రెండు చేతులా నమస్కరిస్తాం.

అయితే ఇది విమర్శ గనుక రెండో మాట కూడా చెప్పాలి. సుశ్రుతుని చింత రాజు. రాజు చెడితే ప్రజ చెడుతుంది, కనుక రాజును కాపాడు అన్నది అధ్యాయపు వెన్నెముక. కాల్బలంలో నడిచే వాడు గుడారం దగ్గరకు తానే వస్తే చూస్తారు. రాలేక పొలంలో పడి ఉన్నవాడి దగ్గరకు ఎవరు వెళ్ళాలో ఆ అధ్యాయం చెప్పదు. రాజు పక్కన గుడారం వేసుకున్న వైద్యుడికి రాజు చిటికెన వేలు నొప్పి వినపడుతుంది, చివరి వరుసలో మూలుగు వినపడదు. ఇది వేల ఏళ్ళ కిందటి లోపమే కాదు. ఇంకొంచెం కిందికి చదివితే తెలుస్తుంది.

వ్యాసభారతంలోనూ ఉద్యోగపర్వంలో పాండవ శిబిరానికి జీతం తీసుకునే వైద్యులు సకల పరికరాలతో వచ్చారని ఉంది. వింటినారులు, తేనె, నేయి, సర్జరసపు పొడి గుట్టలు గుట్టలుగా పోశారని ఉంది. పాత కవి సరుకుల చిట్టాను సిగ్గుపడకుండా కావ్యంలో పెట్టాడు, గమనించండి. భీష్ముడు అంపశయ్య మీద పడ్డాక శల్యం తీయగల వైద్యులు వచ్చారు. ఆయన వారికి ధనమిచ్చి పంపించేయమన్నాడు. మనకు అంపశయ్య గుర్తుంది, అర్జునుడు తెప్పించిన నీళ్ళు గుర్తున్నాయి. పరికరాలు సంచీలో సర్దుకొని వెనక్కు నడిచిపోయిన ఆ వైద్యులు గుర్తులేరు.

ఇప్పుడు మాకు బాగా నచ్చిన పుస్తకం దగ్గరికి వస్తాం. అది తెలుగు కాదు, బెంగాలీ. పేరు 'కల్యాణ్ ప్రదీప్'. 1928లో వచ్చింది. వ్రాసినావిడ మోక్షదాయినీ ముఖోపాధ్యాయ. కాంగ్రెసు మొదటి అధ్యక్షుడు డబ్ల్యు.సి. బెనర్జీ గారి అక్కచెల్లెళ్ళలో ఒకరు, స్వయంగా కవయిత్రి. ఎనభై ఏళ్ళ వయసులో, యుద్ధంలో పోయిన మనవడి గురించి వ్రాశారు. మాకు బెంగాలీ రాదు. అమితవ్ ఘోష్ ఇంగ్లీషులో చేసిన పరిచయం చదివాం. మాతో పనిచేసే బెంగాలీ డాక్టరు ఒకరు రాత్రి డ్యూటీలలో కొన్ని పుటలు చదివి అర్థం చెప్పారు. అంతవరకే మా అధికారం.

మనవడు కాప్టెన్ కల్యాణ్ కుమార్ ముఖర్జీ, ఇండియన్ మెడికల్ సర్వీసు. అప్పటికి ముప్పయ్యేళ్ళు దాటినవాడు, అంటే మా ఈడు. 1915లో ఓడ ఎక్కి బస్రా చేరాడు. ఒమాన్ ఒడ్డు పక్కగా పోయే నీటిదారే అది. ఆరవ పూనా డివిజన్‌తో పాటు టైగ్రిస్ నది వెంట పైకి పోయాడు. కాల్బలం వెనుక ఫీల్డ్ ఆంబులెన్సులో అతని పని. తల్లికి ఉత్తరాలు వ్రాసేవాడు. ఆ ఉత్తరాలే పుస్తకానికి ప్రాణం.

ఆ పుస్తకంలో మెరిసే కత్తి లేదు. ఎండ ఉంది, ఈగలు ఉన్నాయి, దాహం ఉంది. వచ్చే క్షతగాత్రులెందరు, ఉన్న చేతులెన్ని అన్న లెక్క ఉంది. ఆ లెక్క ఎప్పుడూ సరిపోదు. తల్లికి వ్రాస్తున్నాడు గనుక కొన్ని దాచుకుంటాడు, దాచుకోలేక కొన్ని వ్రాసేస్తాడు. ఒక ఉత్తరంలో దేశభక్తి అని మనకు నేర్పినది ఇంకొకరి భూమి లాక్కోవడానికి పేరేనా, ఆ పాఠం చెప్పిన గురువు ఇంగ్లండే కదా అన్నంత దూరం పోతాడు. రాజుగారి జీతం తింటూ, రాజుగారి యూనిఫారంలో కూర్చొని వ్రాసిన మాట అది. మన మిత్రుల కథలో డాక్టరుకు అనుమానమనేది ఒక్కటి రాదు. కల్యాణ్‌కు ప్రతి గాయం దగ్గరా వచ్చింది, అయినా చేతులు ఆగలేదు. మిలిటరీ డాక్టరు సంకటం అక్కడుంది. బాగుచేసిన మనిషిని మళ్ళీ కాల్పులలోకే పంపుతాడు. రోగి ఎవరు, పటాలమా, మనిషా? ఏ కాలంలోనైనా ఆ ఉద్యోగంలో ఉన్నవాడు ఆ ప్రశ్నను జేబులో వేసుకునే తిరగాలి.

1915 నవంబరు చివర బగ్దాదుకు కొంచెం దిగువన టెసిఫాన్ దగ్గర యుద్ధం జరిగింది. బ్రిటిష్ పక్షాన క్షతగాత్రులు, చనిపోయినవారు కలిపి నాలుగు వేలు దాటారు. ఎక్కువమంది భారతీయులు. అంతమందిని తరలించే ఏర్పాటు లేదు. పడవలున్న చోటికి మైళ్ళ దూరం, గతుకుల నేల. వాహనం ఏమిటంటే సామాన్లు మోసే కంచరగాడిద బండి. స్ప్రింగులు లేని ఇనుప బండి. తొడ ఎముక విరిగినవాడిని ఆ బండిలో పడుకోబెట్టి తోలితే ఏమవుతుందో డాక్టర్లకు చెప్పనక్కరలేదు. డాక్టర్లు కానివారు మన ఊళ్ళో ఎద్దుబండి కంకరరోడ్డు మీద పోవడం గుర్తుచేసుకుంటే చాలు. ఆ బండ్లలో చచ్చినవారి పక్కన బతికినవారు ఆనుకొని కూర్చున్నారట, కుదుపుకు దిండులాగా.

తరువాత పడవలు. 'మెజిదియె' అనే ఓడ దాదాపు రెండు వారాలు నది దిగి బస్రా చేరింది. అక్కడ ఆస్పత్రి ఓడలో ఉన్న మేజర్ కార్టర్ అనే ఐ.ఎం.ఎస్. డాక్టరు దూరం నుండి ఓడ పక్కలకు తాళ్ళు వేలాడుతున్నాయనుకున్నాడు. దగ్గరికి వచ్చాక తెలిసింది అవి తాళ్ళు కావు, ఎండిన మలం అని. లోపల ఉన్నవారు కదలలేరు, వారిని కదిపేవారు లేరు. కార్టర్ చూసినది చూసినట్లు వ్రాసి పైకి పంపాడు. పైవారు అతన్ని అరెస్టు చేస్తామని బెదిరించారు. ఎందుకంటే అప్పటికే పై నుండి వెళ్ళిన తంతిలో వైద్యపు ఏర్పాట్లు దివ్యంగా ఉన్నాయని ఉంది. చివరకు 1917లో మెసపొటేమియా కమిషన్ రిపోర్టు అచ్చయింది, కార్టర్ చెప్పినది నిజమని లోకానికి తెలిసింది. ఆ రిపోర్టును ఎవరూ సాహిత్యమని చదవరు. మేము చదివాం, కొన్ని పుటలు మూసి లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి చదివాం. సుశ్రుతుని గుడారం రాజు పక్కన ఉండడమంటే ఏమిటో ఆ తంతి చూస్తే తెలుస్తుంది. పక్కనున్నవాడు రాజుకు వినవలసినది చెప్పడు, వినాలనుకున్నది చెబుతాడు.

కల్యాణ్ టెసిఫాన్ నుండి వెనక్కు వచ్చి కుట్ ముట్టడిలో చిక్కుకున్నాడు. 1915 డిసెంబరు నుండి 1916 ఏప్రిల్ 29 దాకా. అక్కడ ముఖ్య వైద్యాధికారి పాట్రిక్ హెహిర్. పేరు విన్నట్లుందా? 1888లో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్‌లో ఉన్న హెహిరే. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి రోజుల మనిషి. ముట్టడిలో తిండి తగ్గినకొద్దీ ఒక వింత జరిగింది. తెల్ల రొట్టె తినే బ్రిటిష్ సిపాయిలకు బెరిబెరి వచ్చింది, గుర్రపు మాంసం తిన్నారు గనుక స్కర్వీ అంతగా రాలేదు. గోధుమపిండి రొట్టె తినే మనవారికి బెరిబెరి రాలేదు, గుర్రపు మాంసం ముట్టమన్నారు గనుక స్కర్వీ పట్టుకుంది. ఒకే ఊరు, ఒకే ముట్టడి, రెండు పళ్ళాలు, రెండు జబ్బులు. విటమిన్ల శాస్త్రం ఇంకా పురిట్లో ఉన్న రోజులు. ఇటువంటి చోట డాక్టరు ఏం చేయాలి? సిపాయి కులాచారంతో వాదించాలా, ఆకుకూర వెతకాలా, పై అధికారికి విన్నవించాలా? కథకులకు మా మనవి: ఇదీ నాటకమే. తూటా కంటె పెద్ద నాటకం.

కుట్ లొంగిపోయాక కల్యాణ్ ఖైదీగా ఎడారి దాటి రాస్ అల్ ఐన్ చేరాడు. అక్కడ ఖైదీలకు వైద్యం చేస్తూ 1917లో జ్వరంతో పోయాడు. ముసలావిడ వ్రాసిన పుస్తకంలో పొగడ్తలు, పునరుక్తులు చాలా ఉన్నాయని మా బెంగాలీ మిత్రుడు ఒప్పుకున్నాడు. వంశచరిత్ర పుటలు దాటవలసి వచ్చిందట. కానివ్వండి. ఆవిడ ఉత్తరాలను దిద్దలేదు. ఆ ఒక్క సంయమనంతో పుస్తకం నిలబడింది.

మోసేవారి మాట మిగిలింది. డోలీ, బోయీ మన మాటలు. 1899-1900 బోయరు యుద్ధంలో గాంధీగారు నాటాల్‌లో భారతీయ ఆంబులెన్సు దళం కూర్చారు. పదకొండువందలమంది. అందులో ఎనిమిదివందలమంది ఒప్పంద కూలీలు. నాటాల్ కూలీలంటే మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారే ఎక్కువ. స్పియాన్ కాప్ దగ్గర కాల్పుల మధ్యకు పోయి మోశారు. రోజుకు ఇరవై, ఇరవైఅయిదు మైళ్ళు స్ట్రెచర్ భుజాన వేసుకొని నడిచారు. దళ నాయకులు 37 మందికి పతకాలు వచ్చాయి. చెరకు తోటలలోకి తిరిగిపోయిన ఆ తెలుగు బోయీల మీద తెలుగులో ఒక్క కథ మా కంటపడలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సంతోషంగా చదువుతాం. ఇప్పటికీ పాడేరు ఏజెన్సీలో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫోటో పేపరులో వస్తూనే ఉంటుంది. ఆ ఫోటోలోనూ మనం చూసేది డోలీలో ఉన్నామెను. కింద ఉన్న భుజాలను కాదు.

ఇక నీళ్ళు. మాతో చదివిన డాక్టర్లందరికీ హారాక్స్ పెట్టె జ్ఞాపకముంటుంది. సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రాక్టికల్ పరీక్షలో బల్ల మీద పెట్టేవారు. ఆరు తెల్ల గిన్నెలు, ఒక నల్ల గిన్నె, గాజు కడ్డీలు, చెంచాలు. నల్ల గిన్నెలో బ్లీచింగ్ పౌడరు ద్రావణం కలిపి, తెల్ల గిన్నెల నీళ్ళలో ఒక చుక్క, రెండు చుక్కలు, ఇలా పెంచుకుంటూ వేసి, అరగంట ఆగి స్టార్చి అయొడైడ్ వేస్తే ఏదో ఒక గిన్నెలో నీలం రంగు తేలుతుంది. మూడో గిన్నెలో తేలితే 455 లీటర్లకు మూడు చెంచాల పౌడరు. 455 అంకె ఎందుకని ఒక్కరం అడగలేదు. అది వంద గాలన్లు. హారాక్స్ మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ సైనిక వైద్యుడు. బల్ల మీద ఉన్నది యుద్ధ పరికరమని, సుశ్రుతుడు మొదటి వాక్యాలలో చెప్పిన పనికి ఇరవయ్యో శతాబ్దపు పెట్టె అని ఎవరూ చెప్పలేదు. వైవాలో అయిదు మార్కులు తెచ్చుకొని మూత పెట్టేశాం.

మా సహాధ్యాయి ఒకడు షార్ట్ సర్వీసులో చేరి కాల్బలం పటాలంతో సరిహద్దు మీద అయిదేళ్ళున్నాడు. సెలవుకు వచ్చినప్పుడు ఎన్ని తూటాలు తీశావురా అని అడిగాం. "ఒక్కటీ లేదు. నీళ్ళ టాంకరు దగ్గర నిలబడ్డాను, వంటవాళ్ళ గోళ్ళు చూశాను, దొడ్లు ఎక్కడ తవ్వాలో సుబేదారు సాబుతో పోట్లాడాను" అన్నాడు. పొద్దున్నే సిక్ పెరేడ్ ఉంటుందట. కాలునొప్పి అన్నవాడికి నిజంగా నొప్పా, గస్తీ తప్పించుకోవడమా తేల్చాలి. నొప్పి లేదని వ్రాస్తే వాడు కొండ ఎక్కాలి. ఉందని వ్రాస్తే వాడి బదులు ఇంకొకడు ఎక్కాలి. "రాత్రి నిద్ర పట్టనిది దాని గురించే" అన్నాడు. వాడు చెప్పిన ఆ ఒక్క వాక్యం మా మిత్రుల కథలోని ఆపరేషన్ మొత్తం కన్న మమ్మల్ని ఎక్కువగా కదిలించింది.

ఇంత ఘాటుగా ఎందుకు చెబుతున్నామో కూడా దాచకుండా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర ఒడ్డు దాటింది. మేమప్పుడు హౌస్ సర్జన్లం. ఒక పల్లె స్కూలులో శిబిరం, నలుగురు కుర్ర డాక్టర్లం, మాలో పెద్దవాళ్ళం మేమే. రేకులు కోసిన గాయాలు చాలా వచ్చాయి. మూడు రోజులు కుట్లు వేశాం. బాగా వేశాం. ఎంతమందికి వేశామో రాత్రుళ్ళు చెప్పుకున్నాం. నీళ్ళ టాంకరు రోజూ వచ్చిపోయేది. డ్రైవరు "మందు కలిపారండీ" అన్నాడు, సరే అన్నాం. హారాక్స్ పెట్టె మాట దేవుడెరుగు, నోట్లో పోసుకొని క్లోరిన్ వాసన ఉందా అని కూడా చూడలేదు. నాలుగో రోజు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అయిదో రోజుకు స్కూలు వరండా నిండింది. సెలైన్లు చాలలేదు. మా చేతిలో కుట్లు వేయించుకొని, "చల్లగా ఉండు బాబూ" అని దీవించిన ముసలమ్మ ఆరో రోజున పోయింది. గాయం మాత్రం చక్కగా మానుతోంది. ఆ తప్పు డ్రైవరుది కాదు, పంపినవారిది కాదు. శిబిరానికి పెద్ద అని చెప్పుకున్నది మేము.

అప్పటి నుండి యుద్ధం కథ గాని, వరద కథ గాని చదివితే మేము మొదట వెతికేది టాంకరునే.

మన మిత్రుల కథలో మంచివి లేవని కాదు. మంచు వర్ణన బాగుంది. జవాను ఊరి నుండి వచ్చిన ఉత్తరం తడిసి అక్షరాలు అలుక్కుపోవడం నిజమైన చేయి వ్రాసిన వాక్యం. ఒక నర్సింగ్ అసిస్టెంటు కూడా ఉన్నాడు, రెండు చోట్ల. ఒకచోట దీపం అందిస్తాడు, ఒకచోట "సాబ్" అంటాడు. పేరు లేదు. మా ఫిర్యాదంతా అతని గురించే అనుకున్నా పరవాలేదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16 బీహార్ పటాలం కమాండింగ్ ఆఫీసరు, మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు పోయారు. మహావీర చక్ర ఇచ్చారు, సూర్యాపేటలో విగ్రహం నిలిపారు. అది మన ధర్మం. అదే పటాలానికి నర్సింగ్ అసిస్టెంటుగా ఉన్న నాయక్ దీపక్ సింగ్ కూడా ఆ రాత్రే పోయాడు. మధ్యప్రదేశ్‌లో రీవా వాడు. తనకు దెబ్బలు తగిలినా ముప్పైమందికి పైగా జవాన్లకు చికిత్స చేసి బతికించాడని అతనికి ఇచ్చిన వీర చక్ర ప్రశంసాపత్రం చెబుతోంది. డాక్టరు కాదు, ఆఫీసరు కాదు. సుశ్రుతుని నాలుగో పాదం. ఆ రాత్రి గురించి మన సభలో మూడు కవితలు చదివారు, మేమూ విన్నాం. ఒక్కదానిలోనైనా అతని పేరు వచ్చిందా?

కథకులకు మేము సూచించేది చిన్నది. బంకరు అలాగే ఉండనివ్వండి, గుళ్ళు కురవనివ్వండి. కాప్టెన్ చేతిలోని కత్తిని సంచీలో పెట్టించండి. ఒక స్ట్రెచరుంది, ఇద్దరు గాయపడినవారున్నారు, కిందికి నాలుగు గంటల దారి, మోసేవారు నలుగురే. ఎవరిని ముందు పంపాలో కాప్టెన్ చెప్పాలి, రెండోవాడి పక్కన తాను కూర్చోవాలి. ఆ కూర్చోవడం వ్రాయండి. వచ్చే సభలో చదివితే మేము ముందు వరుసలో ఉంటాం. సమాయిల్ నుండి రావడానికి ఆ సాయంత్రం డ్యూటీ మార్చుకోవాలి గనుక, తేదీ పది రోజుల ముందు చెప్పగలరు.